క్యాప్సైసిన్

క్యాప్సైసిన్ మిరపకాయకు కారాన్ని ఇచ్చే సేంద్రియ రసాయన పదార్థం. ఇది వృక్షసంబంధ ఆల్కలాయిడ్ల కోవకు చెందినది. సొలనేసి కుటుంబంలోని క్యాప్సికం ప్రజాతి మొక్కలు దీనిని తమ కాయలలో తయారు చేసుకుంటాయి. మనిషితో సహా చాలా క్షీరదాలకు ఇది తగిలినచోట మంట పుట్టిస్తుంది. అయితే ఇది నిజంగా కాల్చదు. వేడిని గుర్తించే నాడులను ప్రేరేపించి, కాలుతున్నదన్న భ్రమను కలిగిస్తుంది. ఈ గుణం వల్లనే ఇది ఆహారంలో రుచిగా, వైద్యంలో నొప్పి నివారిణిగా, ఆత్మరక్షణకు వాడే స్ప్రేలలో ఆయుధంగా, సేద్యంలో పురుగులను పారద్రోలే కషాయంగా ఉపయోగపడుతోంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలు దేశంలో మిరప సాగుకు పేరెన్నికగన్నవి. ఇక్కడి రైతులు, కూలీలు, మార్కెట్ యార్డు కార్మికులు ఏటా నెలల తరబడి ఈ పదార్థంతోనే మెలుగుతారు. (2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ వ్యాసంలో గుంటూరు, ప్రకాశం అన్నపుడు అంతకు ముందున్న ఉమ్మడి జిల్లాలని గ్రహించాలి.)

పేరు, వర్గీకరణ

క్యాప్సికం అనే ప్రజాతి పేరు నుండి క్యాప్సైసిన్ అనే పేరు వచ్చింది. క్యాప్సికం అనే మాటకు పెట్టె అనే అర్థం గల లాటిన్ పదం మూలమని కొందరు, కొరుకు అనే అర్థం గల గ్రీకు పదం మూలమని మరికొందరు చెబుతారు.

తెలుగులో కారం అనే మాట రుచికీ, మిరపపొడికీ కూడా వర్తిస్తుంది. ఇది క్షారం అనే సంస్కృత పదానికి వికృతి. ఆల్కలాయిడ్‌ను తెలుగులో క్షారాభం అంటారు. క్షారం వంటిది అని దీని అర్థం. ఇక్కడ ఒక విశేషముంది. నికోటిన్, కెఫీన్, మార్ఫిన్ మొదలైన ఆల్కలాయిడ్లలో నత్రజని పరమాణువు వలయంలో ఉంటుంది. క్యాప్సైసిన్‌లో నత్రజని వలయంలో కాక ఎమైడ్ బంధంలో ఉంటుంది. అందువలన దీనికి క్షారగుణం దాదాపు లేదు. ఈ కారణంగా కొందరు రసాయన శాస్త్రజ్ఞులు దీనిని నిజమైన ఆల్కలాయిడ్‌గా కాక ప్రోటో ఆల్కలాయిడ్‌గా లెక్కిస్తారు. మిరియాలకు ఘాటునిచ్చే పైపరిన్ కూడా ఎమైడ్ బంధం గల ఆల్కలాయిడే. అది కూడా క్యాప్సైసిన్ పనిచేసే గ్రాహకం మీదనే పనిచేస్తుంది, కాని దాని ఘాటు చాలా తక్కువ.

చరిత్ర

మిరప మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాలకు చెందిన మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చింది. అంతకు ముందు తెలుగువారి వంటలలో కారానికి మిరియాలే ఆధారం. మిరియపుకాయ అన్న మాటే మిరపకాయగా మారిందని భాషావేత్తల అభిప్రాయం. కొత్తగా వచ్చిన కాయకు పాత దినుసు పేరే పెట్టుకున్నారన్న మాట.

క్యాప్సైసిన్‌కు సంబంధించిన ముఖ్య ఘట్టాలు ఇవి:

• 1816 – జర్మనీకి చెందిన బుక్‌హోల్జ్ మిరపకాయల నుండి కారపు పదార్థాన్ని అశుద్ధ రూపంలో వేరుచేశాడు.
• 1876 – ఇంగ్లండుకు చెందిన జాన్ క్లఫ్ థ్రెష్ దీనిని స్ఫటిక రూపంలో వేరుచేసి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు.
• 1898 – కార్ల్ మిక్కో శుద్ధమైన క్యాప్సైసిన్‌ను తయారు చేశాడు.
• 1912 – అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్ కారాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు.
• 1919 – నెల్సన్ దీని అణు నిర్మాణాన్ని చాలావరకు నిర్ణయించాడు.
• 1930 – స్పాత్, డార్లింగ్ అనే శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలో కృత్రిమంగా సంశ్లేషించారు.
• 1997 – అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం క్యాప్సైసిన్ అతుక్కునే గ్రాహకాన్ని కనుగొన్నది.
• 2021 – ఈ ఆవిష్కరణకు గాను జూలియస్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్ ఆ బహుమతిని ఆయనతో పంచుకున్నాడు.

రసాయన, భౌతిక ధర్మాలు

క్యాప్సైసిన్ ఒక అణువులో 18 కర్బన, 27 ఉదజని, 1 నత్రజని, 3 ఆమ్లజని పరమాణువులు ఉంటాయి. దీని అణుభారం 305.4. అణువుకు ఒక చివర వనిల్లాకు సువాసననిచ్చే వనిలిన్‌ను పోలిన భాగం, మరొక చివర కొవ్వు ఆమ్లపు తోక, మధ్యలో ఎమైడ్ బంధం ఉంటాయి. శుద్ధమైన క్యాప్సైసిన్ రంగు, వాసన లేని స్ఫటిక పదార్థం. ఇది 62-65 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది.

ఇది నీటిలో దాదాపు కరగదు. నూనె, నెయ్యి, సారాయి వంటి వాటిలో కరుగుతుంది. వంట వేడికి చాలావరకు తట్టుకుంటుంది. అందుచేతనే తాలింపులో వేసిన ఎండుమిరపకాయ కారం నూనె ద్వారా కూర అంతటికీ పడుతుంది. నోరు మండినపుడు నీరు తాగితే ఉపశమనం అంతగా కలగకపోవడానికి కూడా ఇదే కారణం. పాలు, పెరుగులలోని కేసిన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకొని నాలుక మీది నుండి తొలగిస్తుంది. కారపు భోజనం చివర పెరుగన్నం తినే ఆచారానికి, మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టే చల్లమిరపకాయలకు ఈ విధంగా శాస్త్రీయమైన సమర్థన కలదు.

మిరపలో క్యాప్సైసిన్‌తో పాటు దానిని పోలిన మరికొన్ని పదార్థాలుంటాయి. వీటన్నింటినీ కలిపి క్యాప్సైసినాయిడ్లు అంటారు. వీటిలో క్యాప్సైసిన్, డైహైడ్రోక్యాప్సైసిన్ ప్రధానమైనవి. నార్‌డైహైడ్రోక్యాప్సైసిన్, హోమోక్యాప్సైసిన్, హోమోడైహైడ్రోక్యాప్సైసిన్ కొద్ది మోతాదులో ఉంటాయి.

మొక్కలో ఉత్పత్తి

కారం గింజలలో ఉంటుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. కాయ లోపల గింజలు అతుక్కొని ఉండే తెల్లటి కండలోని గ్రంథులు క్యాప్సైసిన్‌ను తయారు చేస్తాయి. గింజలకు ఆ కండ తాకి ఉండటం వలన కారం అంటుతుంది. ఫినైల్‌అలనిన్ అనే ఎమైనో ఆమ్లం నుండి వనిలైల్‌ఎమైన్, వాలిన్ అనే ఎమైనో ఆమ్లం నుండి కొవ్వు ఆమ్లపు భాగం తయారై, ఆ రెండూ కలిసి క్యాప్సైసిన్ ఏర్పడుతుంది. ఈ చివరి మెట్టుకు అవసరమైన జన్యువు పనిచేయని రకాలలో కారం ఉండదు. కూరగా వాడే బుట్టమిరప (బెంగుళూరు మిరప) ఇటువంటిదే.

కారానికీ ఎరుపుకూ సంబంధం లేదు. ఎరుపు రంగుకు క్యాప్సాంథిన్ మొదలైన కెరోటినాయిడ్లు కారణం. కర్ణాటకలోని బ్యాడిగి మిరపకు మంచి ఎరుపు ఉన్నా కారం చాలా స్వల్పం. ఎర్రగా ఉన్న పొడి కారంగా ఉంటుందన్న నమ్మకమే కల్తీదారులకు అవకాశమిచ్చింది. 2003లో భారతదేశం నుండి వెళ్ళిన మిరప ఉత్పత్తులలో సూడాన్-1 అనే నిషిద్ధమైన రంగును ఫ్రాన్సు అధికారులు గుర్తించారు. ఆపై ఐరోపా దేశాలు దిగుమతులపై పరీక్షలను కఠినతరం చేశాయి.

కారం కొలత

స్కోవిల్ తన పద్ధతిలో మిరప సారాన్ని తీపి నీటితో పలుచన చేస్తూ, రుచి చూసేవారికి కారం తెలియకుండా పోయేవరకు ఎన్ని రెట్లు పలుచన చేయాలో లెక్కించాడు. ఆ అంకెనే స్కోవిల్ యూనిట్లు అంటారు. శుద్ధ క్యాప్సైసిన్ కారం 1.6 కోట్ల యూనిట్లు. ప్రస్తుతం నాలుకకు బదులు ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రాలతో క్యాప్సైసినాయిడ్ల శాతాన్ని కొలిచి, దానినుండి స్కోవిల్ యూనిట్లను గణిస్తున్నారు.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో

నల్లరేగడి భూములు, నాగార్జునసాగర్ కుడికాలువ నీరు, కోత కాలంలో పొడి వాతావరణం ఈ మైదానాలను మిరపకు అనువైనవిగా చేశాయి. వర్షాకాలంలో నారు పోసి, నాటి, డిసెంబరు-జనవరి నుండి వేసవి వరకు పలు దఫాలుగా పండుకాయలు కోస్తారు. వాటిని కల్లాలలో ఎండబెట్టి, రంగు పోయిన తాలుకాయలను వేరుచేసి, టిక్కీలకు (గోనె బస్తాలకు) ఎత్తి గుంటూరు మిర్చి యార్డుకు తరలిస్తారు. ఈ యార్డు ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్టుగా పేరుపొందింది. ధర లేనపుడు సరకును శీతల గిడ్డంగులలో దాచుకుంటారు.

గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా క్షేత్రంలో జి-4 (భాగ్యలక్ష్మి), జి-5 (ఆంధ్రజ్యోతి), సింధూర్, భాస్కర్, ఎల్‌సీఏ-334 మొదలైన రకాలు రూపొందాయి. భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం మిరపలో క్యాప్సైసిన్ సుమారు 0.226 శాతం ఉంటుందని సుగంధ ద్రవ్యాల బోర్డు పేర్కొన్నది. ఇది స్కోవిల్ కొలమానంలో సుమారు 35,000-40,000 యూనిట్లు. ఈ లెక్కన కిలో మిరపలో రెండుంపావు గ్రాముల క్యాప్సైసిన్, 40 కిలోల టిక్కీలో సుమారు 90 గ్రాముల క్యాప్సైసిన్ ఉంటుంది. తేజ రకంలో కారం ఇంతకంటె బాగా ఎక్కువ. అందువలన మిరప సారం (ఓలియోరెజిన్) తీసే పరిశ్రమలు తేజ రకాన్ని ఎక్కువగా కొంటాయి.

ఒకే రకం మిరపలో కూడా కారం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. నీటి ఎద్దడి, ఉష్ణోగ్రత, నేల సారం, కాయ ముదురుదనం బట్టి క్యాప్సైసిన్ శాతం మారుతుంది.

జీవక్రియలపై ప్రభావం

నాడులపై

నొప్పిని మెదడుకు చేరవేసే నాడీకణాల పైపొరలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. ఇది ఒక తలుపు వంటి మాంసకృత్తు. సాధారణంగా సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడికి, ఆమ్లానికి ఇది తెరుచుకుంటుంది. అపుడు కాల్షియం అయాన్లు కణంలోనికి ప్రవేశించి, నాడి మంటను గూర్చిన సంకేతాన్ని పంపుతుంది. క్యాప్సైసిన్ ఈ గ్రాహకానికి అతుక్కున్నపుడు శరీరపు మామూలు వేడికే ఆ తలుపు తెరుచుకుంటుంది. మెదడు దానిని మంటగా గ్రహించి, చెమట పట్టించి, ముక్కు, కళ్ళ నుండి నీరు కార్పించి శరీరాన్ని చల్లబరచడానికి ప్రయత్నిస్తుంది. కారం తిన్న వెంటనే వేడి టీ తాగితే మంట రెట్టింపైనట్లు తోచడానికి కారణం, రెండూ ఒకే తలుపును తట్టడమే. 2013లో ఈ గ్రాహకపు త్రిమితీయ రూపాన్ని అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగలిగారు.

క్యాప్సైసిన్ చర్య ఇంతటితో ఆగదు. ఒకే చోట పదేపదే గాని, ఎక్కువ గాఢతలో గాని తగిలితే ఆ నాడి కొసలు క్రమంగా స్పందించడం మానుకుంటాయి. నొప్పి సంకేతాలకు తోడ్పడే సబ్‌స్టెన్స్-పి అనే పదార్థం అక్కడ తరిగిపోతుంది. చర్మంలోని నాడి కొసలు తాత్కాలికంగా వెనుకకు తగ్గిపోయి, కొన్ని వారాల తరువాత తిరిగి పెరుగుతాయి. హంగరీ శాస్త్రజ్ఞుడు మిక్లోష్ యాన్చో 1940లలోనే ఈ మొద్దుబారే గుణాన్ని గుర్తించాడు. చిన్ననాటి నుండి కారం తినేవారికి ఇతరులకంటె కారం తక్కువగా తెలియడానికి ఇది ఒక కారణం.

నొప్పి నివారణలో

మంటపుట్టించే పదార్థమే నొప్పిని తగ్గించడం పైన చెప్పిన గుణం వల్లనే సాధ్యమైంది. 0.025 నుండి 0.075 శాతం క్యాప్సైసిన్ గల లేపనాలను కీళ్ళనొప్పులకు, నాడీ సంబంధమైన నొప్పులకు పైపూతగా వాడుతారు. రోజుకు కొన్ని మార్లు చొప్పున, కొద్ది వారాలు క్రమం తప్పక రాస్తేనే ఫలితముంటుంది. 8 శాతం క్యాప్సైసిన్ గల పట్టీకి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2009లో అనుమతినిచ్చింది. సర్పి (హెర్పిస్ జోస్టర్) తగ్గిన తరువాత మిగిలిపోయే నాడీబాధకు దీనిని మొదట అనుమతించారు. 2020లో మధుమేహం వలన పాదాలలో కలిగే నాడీబాధకు కూడా అనుమతి లభించింది. వైద్యుల పర్యవేక్షణలో అరగంట నుండి గంట వరకు పట్టీ వేసి తీసివేస్తారు. దాని ప్రభావం మూడు నెలల వరకు ఉండవచ్చు.

ఈ పట్టీ ఒకదానిలో ఉండే క్యాప్సైసిన్ 179 మిల్లీగ్రాములు. ఇంచుమించు 80 గ్రాముల గుంటూరు సన్నం మిరపలో ఉండే క్యాప్సైసిన్ ఇంతే. అలాగని మిరపపొడిని నొప్పి ఉన్నచోట కట్టుకోవడం వైద్యం కాదు. పట్టీలో మోతాదు, సమయం, విస్తీర్ణం లెక్క ప్రకారం ఉంటాయి. మిరపపొడితో చర్మం బొబ్బలెక్కే ప్రమాదముంది. మధుమేహం వలన పాదాలు తిమ్మిరెక్కినవారికి ఈ ప్రమాదం తెలియకుండానే జరగవచ్చు.

జీర్ణవ్యవస్థపై

కారం తింటే కడుపులో పుండ్లు పడతాయన్నది బాగా వ్యాపించిన నమ్మకం. జీర్ణాశయపు పుండ్లకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని ఆస్ట్రేలియాకు చెందిన మార్షల్, వారెన్ 1980లలో నిరూపించారు. దీనికి వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. నొప్పి మాత్రల అతివాడకం మరొక కారణం. క్యాప్సైసిన్ కొద్ది మోతాదులో ఆమ్లస్రావాన్ని తగ్గించి, జీర్ణాశయపు లోపలి పొరకు రక్తప్రసరణను, జిగురు స్రావాన్ని పెంచుతుందని ప్రయోగాలలో తేలింది. అయితే ఇప్పటికే పుండు, ఛాతీమంట, అజీర్ణం ఉన్నవారిలో కారం బాధను పెంచుతుంది. అనగా కారం పుండును పుట్టించదు గాని, ఉన్న బాధను ఎక్కువ చేయగలదు. కనుక తరచుగా కడుపుమంట వచ్చేవారు కారం మానివేసి ఊరుకొనక వైద్యపరీక్ష చేయించుకోవడం అవసరం.

కొవ్వు, శరీరపు వేడిపై

మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎలుకలకు మిరప, క్యాప్సైసిన్ కలిపిన ఆహారమిచ్చినపుడు కొలెస్టరాల్ తగ్గినట్లు 1980లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. క్యాప్సైసిన్ ఎడ్రినలిన్ స్రావాన్ని ప్రేరేపించి శరీరం ఖర్చుచేసే శక్తిని పెంచుతుందని 1986లో జపాను పరిశోధకులు ఎలుకలలో చూపారు. మనుషులలో ఈ ప్రభావం స్వల్పం. కారం తిన్నంత మాత్రాన బరువు తగ్గుతుందని చెప్పడానికి వీలులేదు.

చైనాలో 4.87 లక్షలమందిని కొన్నేళ్ళపాటు గమనించిన అధ్యయనం 2015లో వెలువడింది. వారంలో ఆరేడు రోజులు కారపు వంటకాలు తినేవారిలో, వారానికి ఒకసారి కూడా తిననివారికంటె మరణాల రేటు 14 శాతం తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. ఇటలీలో 22 వేలమందిపై జరిగి 2019లో వెలువడిన అధ్యయనం కూడా ఇటువంటి ఫలితాన్నే చూపింది. ఇవి గమనించి చెప్పిన ఫలితాలే గాని, కారమే కారణమని నిరూపించినవి కావు. తెలుగువారి వంటలలో కారంతో పాటు ఉప్పు, నూనె కూడా ఎక్కువగా పడతాయి. ఊరగాయలు, కారపుపొడులు దీనికి ఉదాహరణలు. ఆ ఉప్పు రక్తపోటుకు చేసే కీడును క్యాప్సైసిన్ చేసే మేలు పూడ్చగలదని చెప్పడానికి ఆధారం లేదు.

క్యాన్సర్

ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలపై క్యాప్సైసిన్ పనిచేసినట్లు పలు పరిశోధనలు చెబుతున్నాయి. మానవ ప్రోస్టేటు క్యాన్సర్ కణాలు క్యాప్సైసిన్ వలన నశించినట్లు, అవి నాటిన ఎలుకలలో కణితి పెరుగుదల మందగించినట్లు 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దీనికి భిన్నంగా, మెక్సికో నగరంలో 1994లో వెలువడిన అధ్యయనం మిరప ఎక్కువగా తినేవారిలో జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా ఉందని తెలిపింది. క్యాప్సైసిన్ ఇంతవరకు క్యాన్సర్‌కు మందుగా ఆమోదం పొందలేదు. వైద్యం మాని దీనిపై ఆధారపడటం ప్రాణాపాయం.

పక్షులు, బూజులు, కీటకాలు

మిరప మొక్క క్యాప్సైసిన్‌ను ఎందుకు తయారు చేసుకుంటుందన్న ప్రశ్నకు 2001లో టెక్స్‌బరీ, నభాన్ అనే శాస్త్రజ్ఞులు సమాధానమిచ్చారు. క్షీరదాలు మిరపగింజలను నమిలి నాశనం చేస్తాయి. పక్షులు కాయను మింగి గింజలను చెక్కుచెదరకుండా దూరప్రాంతాలలో విసర్జిస్తాయి. పక్షుల టీఆర్‌పీవీ1 గ్రాహకానికి క్యాప్సైసిన్ అతుక్కోదు. కనుక వాటికి కారం తెలియదు. రామచిలుక పండుమిరపకాయను కమ్మగా తినడం మనకు తెలిసినదే. చిలుకకు తీపి, మనిషికి మంట అయిన ఈ ఏర్పాటు మొక్కకు లాభదాయకం.

2008లో బొలీవియా అడవి మిరపలపై చేసిన పరిశోధనలో మరొక కారణం బయటపడింది. కాయలకు నల్లులు చేసిన రంధ్రాల ద్వారా ప్రవేశించే ఫ్యుజేరియం బూజును క్యాప్సైసిన్ అరికడుతుంది. అయితే కోసిన కాయను ఈ గుణం పూర్తిగా కాపాడలేదు. తడి కల్లాల మీద, మంచులో, నేలపై ఆరబెట్టిన మిరపకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఐరోపా సమాఖ్య మిరపలో మొత్తం అఫ్లటాక్సిన్లను కిలోకు 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. అందువలన పట్టాలపై గాని, సిమెంటు కల్లాలపై గాని ఆరబెట్టడం మంచిది.

కీటకాలలో టీఆర్‌పీవీ1 గ్రాహకం లేదు. పైగా క్యాప్సైసిన్ ఉండేది కాయలోనే గాని ఆకులో కాదు. ఈ కారణాలచేత ఇంత కారాన్ని పండించే మొక్క తన ఆకులను, పూలను కాపాడుకోలేదు. తామర పురుగుల వలన పైముడత, నల్లి వలన కింది ముడత మిరపను పీడిస్తాయి. 2021-22 పంటకాలంలో త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త నల్ల తామర పురుగు పూలలో చేరి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. అనేకమంది రైతులు పెట్టుబడి కూడా రాక నష్టపోయారు. పత్తిని తొలిచే శనగపచ్చ పురుగు మిరపకాయను కూడా తొలుస్తుంది. అది క్యాప్సైసిన్‌ను కొంతవరకు తట్టుకోగలదు.

అయినప్పటికీ గాఢమైన మిరప సారం అనేక మెత్తని శరీరం గల పురుగులను వికర్షిస్తుంది. అమెరికాలో 1962 నుండి క్యాప్సైసిన్ వికర్షకంగా నమోదైంది. ఆఫ్రికాలో ఏనుగులు పొలాలలో పడకుండా మిరపపొడి పూసిన తాళ్ళు కడతారు. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన, ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వాడే అగ్నిఅస్త్రం అనే కషాయంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు, పొగాకులను గోమూత్రంలో ఉడికిస్తారు. దీనిలో మిరప నుండి క్యాప్సైసిన్, పొగాకు నుండి నికోటిన్ అనే రెండు ఆల్కలాయిడ్లు చేరతాయి. రెండు పంటలూ ఈ మైదానాలవే. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులోనే ఉంది. కషాయం సహజమైనదే అయినా నికోటిన్ చర్మం ద్వారా శరీరంలోనికి చేరగల విషం. క్యాప్సైసిన్ ఆవిరి ఊపిరితిత్తులను బాధిస్తుంది. కనుక ఇటువంటి కషాయాలను ఆరుబయట కాచి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, గాలివాలుకు పిచికారీ చేయడం క్షేమం.

శ్రామికుల ఆరోగ్యం

మిరప కోత, తొడిమలు తీయడం, తాలు ఏరడం వంటి పనులు ఎక్కువగా స్త్రీలు చేస్తారు. రోజంతా ఒట్టి చేతులతో కాయలను తాకినవారికి క్యాప్సైసిన్ చర్మంలోనికి ఇంకి, చేతులు గంటల తరబడి, ఒక్కొక్కసారి మరునాటి వరకు మండుతాయి. మిరపలు తరిగినవారిలో కనిపించే ఈ స్థితికి వైద్య పరిభాషలో చైనాలోని ఒక రాష్ట్రం పేరుమీదుగా హునాన్ చేయి అని పేరు పెట్టారు. గుంటూరు ప్రాంతపు కూలీలకు ఇది ఏటా అనుభవమే.

యార్డులలో, కారం మిల్లులలో లేచే ధూళి గొంతు, ఊపిరితిత్తులలోని నాడులను తాకి దగ్గు తెప్పిస్తుంది. మిరప పరిశ్రమ కార్మికులలో దగ్గు ఇతరులకంటె ఎక్కువని 1991లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఉబ్బసం ఉన్నవారికి ఈ ధూళి హానికరం. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్ కోవకు చెందిన మందులు వేసుకునేవారిలో ఈ దగ్గు అధికం కావచ్చు.

తీసుకోదగిన జాగ్రత్తలు:

• కాయలు తాకే ముందు చేతికి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. అవి లేనపుడు వంటనూనె రాసుకుంటే కొంత రక్షణ ఉంటుంది.
• చేతులు మండుతున్నపుడు ముందుగా నూనెతో రుద్ది, తరువాత సబ్బుతో కడగాలి. కేవలం నీటితో కడిగితే ఘాటు పోదు.
• పని ముగిశాక చేతులు శుభ్రపరచుకోకుండా కళ్ళను, పసిపిల్లలను తాకరాదు.
• కంటిలో పడితే నలపకుండా శుభ్రమైన నీటితో చాలాసేపు కడగాలి. మంట తగ్గకపోతే, చూపు మసకబారితే వైద్యుని చూడాలి.
• మిల్లులలో గాలి ధారాళంగా ఆడేటట్లు చూడాలి. ముక్కు, నోరు కప్పుకోవాలి.

ఇతర ఉపయోగాలు, దుర్వినియోగం

మిరప సారంతో తయారు చేసే పెప్పర్ స్ప్రేను స్త్రీలు ఆత్మరక్షణకు, పోలీసులు గుంపులను చెదరగొట్టడానికి వాడుతారు. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును ప్రవేశపెట్టినపుడు అప్పటి విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లగా, సభ్యులు దగ్గుతో, కళ్ళమంటతో బయటకు వెళ్ళవలసి వచ్చింది. కొందరిని ఆసుపత్రికి తరలించారు. మూసి ఉన్న గదిలో ఈ పదార్థం ఎంత త్వరగా వ్యాపిస్తుందో ఆ సంఘటన దేశానికంతటికీ చూపింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో నాలుగు గుర్రాల రక్తంలో క్యాప్సైసిన్ కనబడటంతో వాటిని గెంతుల పోటీ నుండి తప్పించారు. గుర్రపు కాళ్ళకు దీనిని పూస్తే నొప్పి తెలియకుండా పోవచ్చు, లేదా చర్మం సున్నితమై కర్రకు తగలకుండా ఎత్తుగా దూకవచ్చు. అందుచేత ఇది గుర్రపు పోటీలలో నిషిద్ధం.

విషప్రభావం

ఆహారంలో తినే మోతాదులో క్యాప్సైసిన్ ఆరోగ్యవంతులకు ప్రమాదకరం కాదు. ప్రాణాంతకమైన మోతాదును చేరడానికి చాలాముందే మంట, వాంతి మనిషిని ఆపివేస్తాయి. అయితే వేరుచేసిన గాఢమైన సారం విషయం వేరు. 2023లో అమెరికాలో మితిమీరిన కారం గల చిరుతిండిని పందెంగా తిన్న బాలుడొకడు మరణించాడు. అధిక గాఢత గల క్యాప్సైసిన్ తిన్న నేపథ్యంలో గుండె ఆగిపోయిందని, అతనికి అంతకుముందే గుండె లోపం ఉందని శవపరీక్షలో తేలింది. వేరుచేసిన క్యాప్సైసిన్‌ను నేరుగా ఆహారంలో కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2008 నాటి నిబంధనల ద్వారా నిషేధించింది. మిరపకాయ, మిరపపొడి వాడకానికి ఈ నిషేధం వర్తించదు.

ఇవి కూడా చూడండి

మిరప, మిరియాలు, ఆల్కలాయిడ్, నికోటిన్, పొగాకు, గుంటూరు, ప్రకాశం జిల్లా, లాం